అభయదానము – మన అంగడి





ఉత్తరాధ్యయన సూత్రము 18వ అధ్యయనములోని సంజయ రాజు కథ మీలో పెద్దలు వినియేయుందురు. కాంపిల్య నగరపు రాజైన సంజయుడు సేనతో వేటకు వెడలి, గుఱ్ఱమెక్కి, బెదరిన లేళ్లను కేసరమను ఉద్యానమునకు తరిమి కొట్టెను. చచ్చిన లేడి చెంతనే గర్దభాలి యను మునీశ్వరుడు ధ్యానములో నుండెను. రాజు భయపడి గుఱ్ఱము దిగి క్షమింపుమని వేడెను. ముని ధ్యానములో నుండి పలుకలేదు. పలుకకపోవుటచే భయము రెట్టింపయ్యెను. పిమ్మట ముని అభయమిచ్చి, నీవును అభయదాతవు కమ్మని చెప్పెను.

అంతవరకు లేడి పడిన భయమును ఆ కొంతసేపు రాజు పడెను. అది చాలినది. అయితే ఆ బాణపు ములుకులు రాజునకు అమ్మిన వర్తకుడొకడు ఉండియుండును గదా? అతని పేరు కథలో లేదు. అతడు వణకనూ లేదు. నేను చెప్పదలచినది అతని గూర్చియే.

మన కోలారు సీమ మైదానములలో తిరుగునది కృష్ణజింక. ఇది దట్టమైన అడవిలో దాగునది కాదు. బయలు గడ్డిలో మందగా మేయును. పరుగే దానికి రక్ష. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన పిదప ఆ గనుల భూములలో నేటికిని ఇవి కనబడుచున్నవి. ఈనిన తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోవును. తల్లి తిరిగి రానిచో ఆ పిల్లకు పాలిచ్చువారు లేరు.

పూర్వము దీనిని విల్లుతోను వలలతోను, తరువాత నాటు తుపాకితోను వేటాడిరి. గొట్టములో మందు పోసి, పీచు కూరి, సీసపు రవ్వలు వేసి, చువ్వతో దట్టింపవలెను. ఒక్క దెబ్బయే. తగిలియు పడని జింక ఆ రవ్వలను ఒంటిలో మోసికొనిపోయి ఎక్కడనో చచ్చును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ వేటను నిషేధించినది. కాని పంట కాపుదల కొఱకు అట్టి తుపాకికి లైసెన్సు పొందుటకు 1959 ఆయుధముల చట్టములో వీలు గలదు.

మా తండ్రిగారికి రాబర్ట్‌సన్‌పేటలో ఇనుప సామానుల అంగడి. నేను ఎనిమిదవ తరగతి చదువు రోజులవి. ప్రక్క పల్లె రైతొకడు ఏటేట రాగి వెన్ను తీయు వేళకు వచ్చి సీసము, గంధకము కొనిపోవును. పందుల కనువాడు. ఒకమారు సంచిలోనుండి మెలికలు తిరిగిన కొమ్మొకటి తీసి, ఆడుకొమ్మని నాకిచ్చెను. మా నాయనగారు దానిని చూచిరి. ఆ సాయంకాలము భోజనము చేయలేదు. కొమ్మును పెరటిలో పాతిపెట్టిరి.

మరుసటి యేడు ఆ రైతు వచ్చినపుడు, "పెద్దాయనా, ఆ సరకు ఇక మా అంగట్లో లేదు" అనిరి.

"సేటూ, మీ దేవుడు జింకను కాపాడమన్నాడు, సరే. నా రాగి చేను ఎవరు కాపాడేది?" అని అతడడిగెను.

మా నాయనగారికి జవాబు దొరకలేదు. వాయించి బెదరించుటకు ఖాళీ నూనె డబ్బాలు పది ఊరకే ఇచ్చి పంపిరి. నాలుగు రాత్రులు పనిచేసినవట, అయిదవ రాత్రికి జింకలకు అలవాటైనదట!

శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో విష వాణిజ్యమొకటి. హేమచంద్రాచార్యులు ఆయుధములను కూడ అందులోనే చేర్చిరి. భూమిని త్రవ్వి పగులగొట్టు స్ఫోటక కర్మయు ఆ పట్టికలోనిదే. మన ఊరు నూరేండ్లకు పైగా దాని మీదనే బ్రతికినది, అది వేఱు ప్రసంగము. హింసకు పనిముట్టు అందించుట అనర్థదండములలో చేరును. చంపినవాడు నేను కాదని తక్కెడ వెనుక కూర్చున్నవాడు చెప్పుటకు వీలులేకుండ ఆచార్యులు ముందే త్రోవ మూసిరి.

ఇదంతయు నాకు తెలియును. తెలిసియే మూడేండ్ల క్రిందట ఒకనికి క్లచ్చి తీగ అమ్మితిని. నాలుగు మూరల ముక్కలు ఇరువది కోసి ఇమ్మనెను. కోసి ఇచ్చితిని. ఎందులకని అడుగలేదు. అడిగినచో అమ్మరాదని లోపల తెలియును గనుకనే అడుగలేదు. వారము దినములకు ఒక చేని గట్టున ఆడుజింక తీగ ఉరిలో చచ్చి పడియుండెనని విన్నాను. ఆ తీగ నా అంగడిదో కాదో. దానిని గూర్చియు అడుగలేదు. ఆ సంవత్సరి నాడు సకల జీవులకు మిచ్ఛామి దుక్కడం చెప్పవలసి వచ్చినపుడు నా నోరు పెగలలేదు.

ఇప్పుడు తీగ ముక్కలు కోయుటకు ముందు అడుగుచున్నాను. కొందఱు కోపించి ప్రక్క అంగడికి పోవుదురు, పోనిమ్ము. మా నాయనగారికి దొరకని జవాబు నాకును పూర్తిగా దొరకలేదు. వన్యమృగముల వలన నష్టపడిన పంటకు అటవీశాఖవారు పరిహారమిచ్చు పద్ధతి కలదు గాని, అర్జీ వ్రాయించుకొనుటకే రైతు నాలుగు తావులు తిరుగవలెను. కావున కాగితములు అంగడిలోనే ఉంచి, అడిగినవారికి నేనే వ్రాసి ఇచ్చుచున్నాను. గడచిన చాతుర్మాస్యములో ముగ్గురికి వ్రాసితిని. ఒకనికి డబ్బు వచ్చినది. తక్కిన ఇద్దఱును వారమునకొకమారు మెట్లెక్కి వచ్చి, "ఏమైంది సేటూ?" అని అడిగి పోవుచున్నారు.