ఇంట్లో సముద్రం గిట్టుబాటేనా?

సరదాలకు లెక్కలు కట్టకూడదంటారు. కట్టకపోతే సంసారం గడవదు గనుక మనం కడుతూనే ఉంటాం. పట్టుచీర కొంటే ఎన్ని పెళ్లిళ్లకు కట్టుకుంటామని లెక్క. కుట్టుమిషను కొంటే దర్జీకిచ్చే డబ్బు ఎంత మిగులుతుందని లెక్క. పిల్లకి వీణ నేర్పిస్తే పెళ్లయ్యాక వాయిస్తుందా, అటకెక్కిస్తుందా అని ముందే లెక్క. ఇలాంటి లెక్కలకు ఒక పట్టాన లొంగని సరదా ఒకటుంది. ఇంట్లో పెద్ద గాజుతొట్టి పెట్టి, ఉప్పునీళ్లు నింపి, చేపలతోపాటు ప్రాణమున్న పగడాలను పెంచడం. దానికయ్యే ఖర్చూ, పడే పాటూ చూస్తే ఎవరైనా అడిగేది ఒక్కటే: ఇంత అవస్థ దేనికి?

పగడమంటే మనకు తెలిసింది మెడలో పూస, లేదా జ్యోతిష్కుడు పెట్టుకోమన్న ఉంగరం. అది రాయి కాదు. ఒక చిన్న జీవి తన ఒంట్లోంచి తయారు చేసుకున్న గట్టి గూడు. మన నగల్లోని ఎర్రపగడానికి దూరపు చుట్టాలే వెచ్చని సముద్రాల్లో గోడలు గోడలుగా దిబ్బలు కట్టే పగడాలు. వాటి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. పగడం దానికి ఇల్లిస్తుంది. అది ఎండలో వంట చేసి పగడానికి పెడుతుంది. ఇంత సఖ్యత మన ఇళ్లల్లో కూడా అరుదే! నీళ్లు మరీ వేడెక్కితే మాత్రం ఈ కాపురం చెడుతుంది. నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లగా పాలిపోతుంది, అలాగే ఎక్కువ రోజులుంటే ఆకలితో చచ్చిపోతుంది. సముద్రపు అడుగున నూటికి ఒక వంతు కూడా లేని ఈ దిబ్బలను నమ్ముకుని సముద్రజీవుల జాతుల్లో దాదాపు పావువంతు బతుకుతున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడినుంచి సముద్రానికి వెళ్లాలంటే కారులో నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకేనేమో వాడు సముద్రాన్నే హాల్లోకి తెచ్చుకున్నాడు. వాడి తొట్టి 75 గ్యాలన్లు, మన లెక్కలో సుమారు 280 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున పది కిలోల ఉప్పు. అది వంటింటి ఉప్పు కాదు, సముద్రంలో ఉండే లవణాలన్నీ కలిపి అమ్మే పొడి. వారం వారం పదోవంతు నీళ్లు తీసేసి కొత్తవి కలపాలి. చారు మరిగితే ఉప్పెక్కినట్టే, తొట్టిలో నీళ్లు ఆవిరైన కొద్దీ ఉప్పెక్కుతుంది. అంచేత రోజూ మంచినీళ్లు పోసి సరిచెయ్యాలి. కుళాయి నీళ్లు పనికిరావు, వడపోసిన నీళ్లే కావాలి. రాగిచెంబులో నీళ్లు మనకు ఆరోగ్యమంటాం గాని, పగడాలకు రాగి విషం. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలబడాలి. సున్నం తగ్గకూడదు. దీపాలు పొద్దున వెలిగి రాత్రి ఆరాలి. అలలు పుట్టించే మోటార్లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండాలి.

డబ్బుంది కదా అని ఇవన్నీ ఒకేరోజు కొనేసినా పని జరగదు. నీళ్లు నింపాక, చేపల మలినాన్ని అరిగించే సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. పాలు తోడుకోకముందే కవ్వం వేస్తే వెన్న వస్తుందా? ఇదీ అంతే. ఇంతా చేస్తే పగడాలు పక్కపక్క వాటాల్లో ఉన్నవాళ్లలా తగాదా పడతాయి. రాత్రివేళ పొడుగాటి కుచ్చుల్లాంటి చేతులు చాచి పక్కదాన్ని కుట్టి చంపేసేవి కూడా వాటిలో ఉన్నాయి. ఎవర్ని ఎవరికెంత ఎడంగా కూచోబెట్టాలో పెళ్లిపందిట్లో వియ్యాలవారిని సర్దినట్టు చూసుకోవాలి.

వాడు ఆఫీసు పనిమీద ఊళ్లు తిరుగుతుంటాడు. అప్పుడీ సేవంతా వాడి భార్యది. ఆ అమ్మాయి నవ్వుతూనే అంది: “పిన్నిగారూ, ఈ ఇంట్లోకి నన్నడిగి తెచ్చింది పిల్లల్ని మాత్రమే. ఆయన ఊరెళ్తే మాత్రం అందరికీ తిండి పెట్టేది నేనే.”

ఆ మాటతో అసలు ప్రశ్నే మారిపోయింది. ఖర్చు ఎంత అని కాదు, ఎవరిది అని అడగాలి.

డబ్బు సంగతి త్వరగానే తేలిపోతుంది. తన సంపాదనలో, ఇంటి అవసరాలు తీరాక, ఒకరు నగ చేయించుకుంటారు, ఒకరు యాత్రలకు వెళతారు, ఒకరు తొట్టి పెట్టుకుంటారు. ఒకరి సరదా ఇంకొకరికి దండగలాగే కనిపిస్తుంది. అక్కడ తీర్పు చెప్పడానికి మనమెవరం? కాని శ్రమకు అలా రసీదు ఉండదు. అది ఎవరి చేతుల మీదుగా జరిగిందో వెతికితే తప్ప కనపడదు.

ఈ సరదా పుట్టిందే ఆడవాళ్ల చేతుల్లో అంటే మీరు నమ్ముతారా? జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి ఆవిడ పారిస్‌లో బట్టలు కుట్టేది. పెళ్లయి సిసిలీ దీవికి వెళ్లాక, 1832లో, సముద్రజీవులను బతికుండగానే చూడాలని గాజుపెట్టెలు చేయించింది. ఆర్గోనాటనే జీవి తన గవ్వను ఎక్కడో ఎత్తుకురాదనీ, తానే కట్టుకుంటుందనీ వాటి సాయంతోనే రుజువు చేసింది. తరవాత ఆనా థిన్ అనే ఇంగ్లీషు ఆవిడ 1846లో టార్కీ తీరంనుంచి చిన్న పగడాలను జాడీలో పెట్టి లండను తెచ్చింది. సముద్రం దూరం, మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్లలో గాలి కలవకపోతే ప్రాణులు చచ్చిపోతాయి. అందుకని తెరిచిన కిటికీ దగ్గర నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట తిరగబోయించేది. పోసింది ఆవిడ కాదు. ఇంట్లో పనిపిల్ల. పని అలసట కలిగించేదేనని ఒప్పుకుంటూనే, ఆ పిల్లకది వేడుకగానే ఉండేదని ఆనా థిన్ రాసుకుంది.

కావచ్చు. ఆ వేడుక ఎంతో ఆ పిల్ల రాసిపెట్టలేదు కదా! ఆనా థిన్ పేరు చరిత్రలో ఉంది, ఉండదగ్గదే. ఆ నీళ్లు పోసిన పిల్ల ఒక్క రోజు మానేసి ఉంటే మాత్రం చరిత్ర ఆ జాడీలోనే కుళ్లిపోయేది.

మనుషుల తరవాత సముద్రం వంతు. 1853లో లండను జంతుశాలలో జనం చూడటానికి చేపల శాల తెరిచారు. మరుసటేడు ఫిలిప్ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకం రాశాడు. ఇంకేముంది, మధ్యతరగతి ఇళ్లన్నిటికీ గాజుపెట్టెల పిచ్చి పట్టింది. జనం బుట్టలతో తీరానికి వెళ్లి రాళ్ల సందుల్లోని జీవులను ఊడ్చేశారు. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో అచ్చయిన ‘ఫాదర్ అండ్ సన్’ పుస్తకంలో, తన చిన్నతనంలో చూసిన ఆ నీటిమడుగుల అందం ఇక లేదని బాధపడ్డాడు. ప్రేమతో చేసిన పనే ప్రేమించినదాన్ని ఖాళీ చేసింది.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. 1960ల నుంచి ఫిలిప్పీన్స్ దీవుల్లో కొందరు పగడాల సందుల్లోకి సైనైడు చిమ్మి, మత్తెక్కిన రంగురంగుల చేపల్ని పట్టడం మొదలెట్టారు. చేపల్లో చాలావాటికి తొట్టి చేరకముందే ఆయుష్షు తీరుతుంది. విషం తగిలిన పగడం అక్కడే చస్తుంది. ఆ పని చేసేవాళ్లు రాక్షసులేం కాదు, పొట్టకోసం మునిగే బీదవాళ్లు. దుకాణంలో డాలర్లిచ్చి కొన్న చేప వెనక ఈ లెక్క ఉందేమోనని కొనేవాళ్లు అడగాలా వద్దా?

ఐతే రెండోపక్కా చూడాలి. తొట్టిలో పుట్టి పెరిగిన చేపలు ఇప్పుడు దొరుకుతాయి. నారింజరంగు మీద తెల్లచారల విదూషక చేపను పెంపకందార్లు మామూలుగానే పిల్లలు చేయిస్తున్నారు. మనం ఇరుగుపొరుగుకి మందారకొమ్మ విరిచి ఇచ్చినట్టు, పగడపుకొమ్మ విరిచి అంటు కడితే అది కొత్త పగడమవుతుంది. మా వాడి తొట్టిలో ఉన్నవన్నీ స్నేహితులిచ్చిన అలాంటి ముక్కలే. ఫ్లోరిడాలోని మోట్ పరిశోధనశాలలో డేవిడ్ వాన్ అనే శాస్త్రజ్ఞుడు తొట్టిలోంచి పగడం తీస్తుంటే ముక్క విరిగింది. పోయిందనుకున్న ఆ చిన్నముక్క ఎవరూ అనుకోనంత వేగంగా పెరిగింది. అలా ముక్కలు చేసి పెంచి, దెబ్బతిన్న దిబ్బల మీద నాటే పద్ధతి దాన్నుంచే వచ్చింది. 2023 వేసవిలో ఫ్లోరిడా తీరపు నీళ్లు పగడాలు తట్టుకోలేనంతగా కాగినప్పుడు, అక్కడివాళ్లు పెంచుకుంటున్న పగడాలను గట్టు మీది తొట్లలోకి చేరవేసి కాపాడారు. తొట్టిలో పగడాన్ని బతికించే విద్య మనిషికి తెలియకపోయుంటే ఆ పని సాధ్యమయ్యేదా?

మన దేశంలో మాత్రం ఈ సరదాకు దారి వేరు. మన్నారు సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్, కచ్ తీరం మన పగడాల పుట్టిళ్లు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో పెద్దపులికిచ్చిన మొదటి షెడ్యూలు రక్షణనే 2001లో దిబ్బలు కట్టే పగడాలకూ ఇచ్చారు. వాటిని తియ్యడం, అమ్మడం నేరం. కనుక తీరంలో ఎవరైనా తెల్లటి పగడపుకొమ్మ చూపించి, షోకేసులో బాగుంటుందమ్మా అంటే, వద్దు నాయనా అనడమే మన వంతు.

మళ్లీ డల్లాస్ సంగతి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు ముంచెత్తి, లక్షల ఇళ్లలో కరెంటు పోయింది. మోటార్లు ఆగిపోయాయి. మొగుడూ పెళ్లాం తొట్టి చుట్టూ రజాయిలు చుట్టి, చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ వంతులవారీగా రాత్రంతా మేలుకున్నారట. నూట డెబ్భై అయిదేళ్ల కిందట లండను కిటికీ దగ్గర ఆ పిల్ల చేసిన పనే! కొన్ని పగడాలు పోయాయి, కొన్ని మిగిలాయి. “280 లీటర్లు కాపాడటానికే నడుం పడిపోయింది పిన్నీ, సముద్రం రోజూ ఎలా చేస్తోందో!” అన్నాడు వాడు. అప్పట్నుంచి ఊరెళ్లే ముందు పనులన్నీ తనే చేసి వెళ్తున్నాడనీ, మిగిలినవి చెయ్యమని చెప్పడు, అడుగుతాడనీ ఆ అమ్మాయి చెప్పింది.

నాకు ఆ తొట్టి గిట్టుబాటైంది అక్కడే అనిపిస్తుంది. అందం కోసమే అయితే పటం చాలు. జ్ఞానం కోసమే అయితే పుస్తకం చాలు. ఒక ప్రాణి బతకడానికి ఎంత జరగాలో చేత్తో తెలుసుకోవడం మాత్రం చేసినవాళ్లకే దక్కుతుంది, వంటలాగే. అందుకని పగడాల తొట్టి పెడతామనే వాళ్లెవరైనా మన ఎరికలో ఉంటే, ధర అడక్కండి. అందులోకొచ్చే ప్రాణి సముద్రంలోంచి ఊడ్చిందా, ఇంకో తొట్టిలో పుట్టిందా అని అడగండి. విదూషక చేప జాగ్రత్తగా చూస్తే ఇరవయ్యేళ్లు బతకగలదు, అన్నాళ్లు చూస్తారా అని అడగండి. అన్నిటికంటే ముందు, నీళ్లు ఎవరు పోస్తారని అడగండి. జవాబు చెప్పేటప్పుడు ఆయన భార్య వైపు చూశాడంటే, ఆ తొట్టి ఎంత చవగ్గా వచ్చినా ఖరీదెక్కువే.