నాన్నకు ఎదురు చెప్పే పిల్లలు

హైదరాబాద్‌లో కార్వాన్ దగ్గర మూసీ నది మీదున్న పురానాపుల్ వంతెన 1578 నాటిది. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా దాన్ని ఎందుకు కట్టించాడని అడిగితే పాతబస్తీలో వినబడే కథ ఒకటుంది. ప్రియురాలు భాగమతిని చూడటానికి కొడుకు మహమ్మద్ కులీ వరదలో ఉన్న నదిలోకి గుర్రాన్ని దూకించాడట. ఆ సంగతి విని గుండె జారిపోయిన తండ్రి వంతెన కట్టించాడట. అప్పటికి కొడుక్కి పదమూడేళ్ళు! భాగమతి అసలు ఉందా అని హెచ్.కె. షేర్వాణీ వంటి చరిత్రకారులు సందేహించారు. అయినా జనం ఆ కథను వదులుకోలేదు. మాట వినని పిల్లాణ్ణి గదిలో పెట్టి తాళం వేయని తండ్రి వాళ్ళకు నచ్చాడు.

టీవీ కామెడీలకు ముడిసరుకు ఇదే. మాట వినని పిల్లలు, బెంగపడే పెద్దలు. దానితోపాటు ఒక ధర్మసందేహమూ వస్తుంది. తల్లిదండ్రులను దైవంగా చూడమంటుంది తైత్తిరీయోపనిషత్తు. వాళ్ళ మీద విసుక్కోవడం కూడా తగదంటుంది ఖురాన్. తోలీ మసీదూ, దర్బార్ మైసమ్మ గుడీ ఉన్న కార్వాన్‌లో ఈ రెండు బోధలూ వింటూనే పిల్లలు పెరుగుతారు. మరి నాన్నను చూసి నవ్వడం పాపమా?

కాదనే చెప్పాలి. గౌరవం వేరు, విధేయత వేరు. ఈ తేడా గ్రంథాలకు ఏనాడో తెలుసు. తల్లిదండ్రులు బలవంతపెట్టినా దేవుడికి మరొకరిని సాటి కల్పించవద్దనీ, అయినా వాళ్ళతో మంచిగానే మెలగమనీ ఖురాన్‌లోని లుఖ్మాన్ అధ్యాయం చెబుతుంది. కఠోపనిషత్తులో నచికేతుడు ఇంకా ముందుకు వెళ్ళాడు. వట్టిపోయిన ఆవులను దానం చేస్తున్న తండ్రిని, నన్నెవరికి ఇస్తావని పదేపదే అడిగి విసిగించాడు. కోపంతో తండ్రి యముడికిస్తానన్నాడు. తీరా యముడు వరాలిస్తానంటే ఆ కుర్రాడు మొట్టమొదట కోరింది తండ్రి కోపం చల్లారి మనసు కుదుటపడాలని. బ్రహ్మవిద్య ఆ తరువాతే.

టీవీ పిల్లలు కూడా ఎదురు చెబుతూనే ఉన్నారు. 1989లో అమెరికాలో మొదలైన కార్టూన్ సిరీస్ ‘ది సింప్సన్స్’లో కొడుకు బార్ట్ తండ్రిని హోమర్ అని పేరు పెట్టి పిలుస్తాడు. తెలుగింట్లో ఆ పిలుపుకే కంచం ఎగిరిపోతుంది.

మన దగ్గర ఈ సరదాను నేర్పుగా పట్టుకున్నది 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన వెబ్ సిరీస్ ‘90s’. దర్శకుడు ఆదిత్య హాసన్. శివాజీ పోషించిన చంద్రశేఖర్ ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారు, తన పిల్లలను మాత్రం ప్రైవేటు బడికి పంపిస్తాడు. ప్రతి రూపాయినీ లెక్క చూస్తాడు, మార్కుల దగ్గర మరీ గట్టి. పిల్లలు ఉప్మా మీద చేసే గోల చూసి నవ్వని ఇల్లుండదు. ఆ నవ్వులో మాస్టారు చులకన కాడు. జీతం ఎంతో, కోరికలెన్నో ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి, పిల్లల అలకా న్యాయమే అనిపిస్తుంది, ఆయన పిసినారితనమూ న్యాయమే అనిపిస్తుంది. తండ్రిని వెర్రివాణ్ణి చేసి నవ్వించడం సులువు. ఆయన భయాన్ని చూపించి నవ్వించడానికి ప్రేమ కావాలి, అది ఈ సిరీస్‌లో ఉంది.

ఒక్క లోటు. కథ బరువంతా పదో తరగతి చదివే కొడుకు రఘు మీదే పడింది. కూతురు దివ్య నాన్నకు ఎదురు చెబితే ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని ఉంది. కొడుకు ఎదురు తిరిగితే వయసు ప్రభావమని సర్దుకునే ఇళ్ళలో, ఆడపిల్ల అదే మాటంటే పెంపకాన్ని తప్పుపడతారు. ఆ సన్నివేశాన్ని నవ్విస్తూ రాయగల రచయిత కోసం టీవీ ముందు కూర్చున్న కూతుళ్ళు ఎదురుచూస్తున్నారు.