‘ధర్మాసుపత్రి’లో ధర్మమెంత? – వైద్యవ్యయంపై ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

తెలుగునాట పాతతరం వారు ప్రభుత్వ వైద్యశాలను ‘ధర్మాసుపత్రి’ అనేవారు. ఈ సమాసంలోని ‘ధర్మం’ అనే మాటకు వాడుకలో రెండు అర్థాలు కనిపిస్తాయి. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అన్నప్పుడు అది భిక్ష. ‘అది నీ ధర్మం’ అన్నప్పుడు విధి. వైద్యవ్యయాన్ని తగ్గించే మార్గాలను చర్చించేటప్పుడు ఏ అర్థాన్ని స్వీకరిస్తున్నామన్నది భాషకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు.

మా తాతయ్య దివిసీమలో చిన్న రైతు. నా చిన్నతనంలో ఆయన గుండెజబ్బు చికిత్సకు ఎకరం మాగాణి అమ్మవలసి వచ్చింది. ప్రాణం దక్కింది. కాని ‘మీకు భారమయ్యాను’ అన్న మాట చివరిదాకా ఆయన నోట వినిపిస్తూనే ఉండేది. ఏ తప్పూ చేయని రోగి తప్పుచేసినవానిలా తలదించుకోవలసి రావడం, పొలం పోవడం కన్నా పెద్ద నష్టం. వైద్యవ్యయాన్ని నైతికప్రశ్నగా పరిశీలించవలసిన అవసరం ఇక్కడే ఉంది.

చెల్లించేవారు మారడం, ధర తగ్గడం

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైంది. నిర్దేశిత చికిత్సలకు పేద కుటుంబం చెల్లించవలసిన సొమ్మును ప్రభుత్వమే చెల్లించడం ఈ పథకం స్వరూపం. దీనివల్ల పొలాలు, పుస్తెలు నిలుపుకొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అయితే ఇక్కడ ప్రధానంగా మారింది చెల్లించేవారు. బరువు ఒక భుజం మీది నుంచి మరొక భుజం మీదికి చేరింది. పైగా ఇది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. రక్తపోటుకు, మధుమేహానికి నెలనెలా కొనే మందుబిళ్లల ఖర్చు చాలావరకు ఇంటిమీదే మిగులుతుంది.

ధరే తగ్గిన సందర్భాలు వేరు. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చింది. అది ఔషధానికి కాక, దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటును అనుమతించింది. ఒకే మందును వేరు పద్ధతిలో చౌకగా చేసే వీలు కలిగింది; హైదరాబాదు ఔషధ పరిశ్రమ ఎదుగుదలకు ఇది ముఖ్యకారణాల్లో ఒకటి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం గుండె స్టెంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. సాధారణ లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందుపూత స్టెంటుకు 29,600 రూపాయలు. ఇవి దానాలు కావు. సంతలో ధర నచ్చకపోతే కొనేవాడు లేచి వెళ్లగలడు. శస్త్రచికిత్స బల్లమీద పడుకున్నవానికి ఆ స్వేచ్ఛ లేదు. బేరానికి తావులేని చోట ధరను అమ్మేవాని ఇష్టానికి విడిచిపెట్టడం న్యాయం కాదన్నదే ఈ నిర్ణయాల వెనుకనున్న నీతి.

చల్లపల్లి చూపిన దారి

మూడవ మార్గం రోగాన్నే నివారించడం. చల్లపల్లిలో వైద్య దంపతులు డా. డి.ఆర్.కె. ప్రసాద్, డా. పద్మావతిల చొరవతో 2014 నవంబరు 12న ‘స్వచ్ఛ చల్లపల్లి’ ఉద్యమం మొదలైంది. కార్యకర్తలు వేకువజామున వీధులు ఊడ్చారు; బహిరంగ మలవిసర్జనకు నెలవైన రహదారి అంచులను శుభ్రంచేసి మొక్కలు నాటారు. వైద్యుని ఆదాయం రోగి రాకతో ముడిపడినది. రోగి రాకూడదని చీపురు పట్టిన వైద్యుడు స్వలాభానికి ఎదురు నడుస్తున్నాడు.

దీనికి రెండు ఆక్షేపణలు ఉండవచ్చు. పారిశుద్ధ్యం క్యాన్సరును, రోడ్డుప్రమాదాన్ని ఆపలేదు. అంతకన్నా ముఖ్యంగా, నివారణను గురించిన బోధ ‘నీ అశ్రద్ధవల్లే జబ్బు’ అని రోగిని నిందించే సాధనం కావచ్చు; స్వచ్ఛందసేవ పంచాయతీకి, ప్రభుత్వానికి సాకూ కావచ్చు. రెండూ కాదనలేనివే. కనుక నివారణ చికిత్సకు తోడు కావాలి గాని ప్రత్యామ్నాయం కారాదు. అయినా శుభ్రమైన వీధికి ఒక విశిష్టత ఉంది. అందులో ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు అనే భేదం లేదు. దానిమీద నడిచేవారెవరూ చేతులు జోడించనక్కరలేదు.

ముగింపు

వ్యయాన్ని తగ్గించే ప్రతి మార్గాన్నీ రెండు ప్రశ్నలతో పరీక్షించాలి. నిజంగా ఖర్చు తగ్గిందా, చెల్లించేవారు మాత్రమే మారారా? చికిత్స పొందినవారు తలెత్తుకొని ఇంటికి వెళ్లగలిగారా? మందుల ధరల నియంత్రణ, ఊరి ఆరోగ్యకేంద్రంలో నిత్యావసర మందుల లభ్యత, పారిశుద్ధ్యం ఈ రెండు పరీక్షలకూ నిలుస్తాయి. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వీటికి అండగా ఉండాలి; వీటి స్థానాన్ని ఆక్రమించకూడదు. అప్పుడే ‘ధర్మాసుపత్రి’లోని ధర్మం భిక్ష అన్న అర్థాన్ని విడిచి విధి అన్న అర్థాన్ని పొందుతుంది.