మోదేనా పట్టణపు పూటకూళ్లిల్లు

ఇటలీ దేశపు ఉత్తర భాగమున మోదేనా అను పట్టణము కలదు. అక్కడ ఒక వీథిలో ‘ఓస్తెరియా ఫ్రాంచెస్కానా’ అను భోజనశాల యున్నది. మాస్సిమో బొత్తూరా అను వంటవాడు దానిని 1995లో తెరచెను. ఓస్తెరియా అనగా మన పెద్దలు పూటకూళ్లిల్లు అనెడిదే. బాటసారి వచ్చి, నాలుగు డబ్బులిచ్చి, ఉన్నది తిని పోవు చోటు. పేరు అట్టిది గాని స్థలము అట్టిది కాదు. అందులో ఉన్నవి 12 బల్లలు. భోజనశాలల యోగ్యతను తూచి నక్షత్రములిచ్చు మిషెలిన్ అను ఫ్రెంచివారి పుస్తకము దానికి మూడు నక్షత్రములిచ్చెను. అంతకు మించి ఆ పుస్తకము ఎవరికిని ఇవ్వదు. 2016లోను, మరల 2018లోను, లోకమందలి భోజనశాలలలో అదియే మొదటిదని ప్రసిద్ధమైన ఒక పట్టికలో ప్రకటించిరి. నెలల ముందుగా అడిగి ఉంచుకొననిదే అక్కడ చోటు దొరకుట కష్టము. ద్రాక్షారసము గాక, ఒక్క మనిషి భోజనమునకు 300 యూరోలకు పైగా అగును. మన సొమ్ములో అది సుమారు 30,000 రూపాయలు.

కలుపు తీయు స్త్రీ ఆ సొమ్మును కండ్ల చూడవలెనన్న ఎన్ని దినములు నడుము వంచవలెనో నేను మీకు లెక్క చెప్పనక్కరలేదు.

పట్టణములలో ఉద్యోగములు చేయుచు పండుగలకు ఇంటికి వచ్చు మన యౌవనస్థులు ఇటాలియను భోజనశాలల సంగతి చెప్పుచుందురు. అవి మోదేనాలోని దానివంటివి కాకపోయినను, ఒక పూటకు వారు పెట్టిన ఖర్చు విని ఇంట్లో పెద్దలు నోరు నొక్కుకొందురు. ‘అయ్యగారూ, ఇంత పెట్టి తినుట పాపమా?’ అని ఇరుపక్షములవారును అడుగుదురు. పాపమేనని ఒక్క మాటతో తీర్పు చెప్పుట సులభము. వినువారును తల ఊపుదురు. ‘తన కష్టార్జితము తాను తినిన తప్పేమి’ అనుట అంతకంటెను సులభము. ఈ రెండును ఆ పళ్లెములో ఏమున్నదో చూడకుండ చెప్పు మాటలే. గనుక ముందు పళ్లెములోనికి చూతము.

ఆ ప్రాంతపు జున్నుగడ్డ లోకప్రసిద్ధమైనది. దానిని పార్మిజానో రెజ్జానో అందురు. (దావీదు తండ్రి మాట చొప్పున యుద్ధభూమికి మోసికొనిపోయినవియు జున్నుగడ్డలే. అవి ఇంత పెద్దవైనచో పాపము ఆ బాలుడు మోయలేకపోయెడివాడు.) బండిచక్రమువలె గుండ్రముగా చేసిన ఒక్కొక్క గడ్డ సుమారు 40 కిలోల తూకముండును. అందుకు రమారమి 550 లీటర్ల పాలు కావలెను. 12 నెలలైనను మాగనిదే దానికి ఆ పేరు పెట్టనియ్యరు. రెండు మూడేండ్లు మాగబెట్టుటయు సాధారణమే. బొత్తూరా ఆ ఒక్క జున్నునే ఐదు వేరు వేరు వయస్సులలో తీసికొని, ఐదు విధములుగా వండి, ఒకే పళ్లెములో పెట్టుట చేత పేరుపొందెను.

ఇక మోదేనా చిరక. ద్రాక్షపండ్ల రసమును కాచి, పీపాలలో పోసి, ఇంటి అటుకమీద ఉంచుదురు. తక్కువలో తక్కువ 12 ఏండ్లు అట్లుండవలెను. మేలైన రకము 25 ఏండ్లు. వెనుకటి దినములలో ఆడపిల్ల పుట్టిననాడు పీపాలు మొదలుపెట్టి, పెండ్లినాడు కట్నముగా పంపెడివారని చెప్పుదురు. అట్టిదానిలో ఒక చెంచాడు పోసి దానికి ధర కట్టినయెడల, ఆ ధర అంతయు గర్వమే అనుట న్యాయము కాదు. అందులో ఒకని కూలి యున్నది, ఒకని ఓపిక యున్నది. పెద్ద పళ్లెము నడుమ ఉసిరికాయంత వంటకముంచి పది మాటల పేరు పెట్టు భోజనశాలలును లోకములో కొల్లలుగా నున్నవి. వాటిని గూర్చి నేను వాదింపబోను.

2012 మే నెలలో ఆ ప్రాంతమును భూకంపము రెండుసార్లు అదరగొట్టెను. జున్ను మాగబెట్టు కొట్లలో ఎత్తైన బల్లలు కూలి, లక్షల గడ్డలు నేలపాలై పగిలినవి. పగిలిన జున్నును మాగబెట్టలేరు గనుక త్వరగా అమ్మవలెను. అప్పుడు బొత్తూరా అన్నముతో ఆ జున్నును కలిపి చేయు ఒక సులువైన వంటను కూర్చి, ఎవరి ఇండ్లలో వారు దానిని వండుకొనునట్లు ఊరూర చాటించెను. పెద్దబల్లల వంటవాడు ఆ యేట పాలవారికి అక్కరకు వచ్చెను.

ఆ పాలవారు ఎవరు? మోదేనాయు దాని పొరుగు జిల్లాలును పో అను నది పరివాహకములోని మైదానమున నున్నవి. అక్కడి పశువుల కొట్టములలో తెల్లవారకముందే లేచి పాలు పిదుకువారిలో పంజాబునుండి వలసపోయిన సిక్కులు అనేకులున్నారు. దగ్గరలోనే నొవెల్లారా అను ఊర 2000లో వారు పెద్ద గురుద్వారా కట్టుకొనిరి. ఇటలీవారి కీర్తికి కారణమైన ఆ జున్నులో మన దేశపువారి చేతి చలువయు నున్నది.

చేతి మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పవలెను. అది పెద్ద భోజనశాలకు సంబంధించినది కాదు. చవుక కూరగాయలకు సంబంధించినది. రోముకు దక్షిణమున లాతీనా అను ప్రాంతమున్నది. అక్కడి పొలములలోను సిక్కు కూలీలు వేలకొలది పని చేయుచున్నారు. 2024 జూన్ నెలలో అట్టి యువకూలీ ఒకని చేయి యంత్రములో చిక్కి తెగిపోయెను. పని చేయించుకొనినవాడు అతనిని ఆసుపత్రికి కొనిపోలేదు. అతని ఇంటియొద్ద దింపి వెళ్లిపోయెను. తెగిన చేతిని పండ్లు నింపు పెట్టెలో పెట్టి విడిచిరి. రెండు దినములకు అతడు రోములోని ఆసుపత్రిలో ప్రాణము విడిచెను. అతడు లెక్క పత్రములు లేకుండ పని చేయించుకొనబడినవాడు. మేస్త్రీలు కూలీల రక్తము పీల్చుటను అరికట్టుటకు 2016లోనే ఇటలీ చట్టము చేసియుండెను. చట్టమున్నను ఇట్లు జరిగెను.

ప్రియ సహోదరులారా, ఎక్కువ ధర పెట్టి తినువాడు పాపియనియు, చవుకగా తినువాడు నీతిమంతుడనియు మనము అనుకొందుము. చవుక టొమాటోలో ఎవరి చేయి తెగినదో తినువానికి తెలియదు. రూతు గ్రంథము రెండవ అధ్యాయము తెరచి చూడుడి. రూతు అన్యదేశస్థురాలు, విధవ, పరిగె ఏరుకొను దిక్కులేనిది. భోజనవేళ బోయజు ఆమెను తన కోతవారి నడుమనే కూర్చుండబెట్టి, రొట్టెను చిరకలో అద్దుకొని తినుమనెను. పేలాలు తానే అందిచ్చెను. ఆమె కడుపునిండ తినగా ఇంకను మిగిలెను. ఆ పూట ఖర్చు ఎంత? చాల తక్కువ. లాతీనా యజమానునికి ఆసుపత్రి త్రోవకు అగు ఖర్చు దానికంటె ఎక్కువ కాదు.

వెలను బట్టి తీర్పు తీర్చువారికి ఇంకొక చిక్కు కూడ నున్నది. ఇటలీ ఉత్తర ప్రాంతపు పేదరైతులు పూర్వము మొక్కజొన్న పిండి సంకటియే మూడు పూటలును తినుచుండిరి. దాని పేరు పోలెంతా. అది తప్ప వేరేమియు లేక, వారికి చర్మము గరుకెక్కి, కడుపు చెడి, తుదకు మతియు తప్పెడిది. ఆ వ్యాధికి పెల్లగ్రా అను పేరు వారి భాషలోనిదే. ఆ వ్యాధి తెలుగుదేశమునకును క్రొత్తది కాదు. జొన్నలే ఆధారముగా బ్రదుకు పేదలలో అదే వ్యాధి యుండుట హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు సి. గోపాలన్ గారును తోడివారును 1960 ప్రాంతమున పరిశోధించి తెలిపిరి. నేడు ఆ పోలెంతాయే గొప్ప భోజనశాలలలో వెండి చెంచాలతో వడ్డింపబడుచున్నది. మన జొన్నరొట్టెకును రాగిసంకటికిని పట్టణపు హోటళ్లలో అట్టి యోగమే పట్టినది. తాత దానిని తిని రోగియయ్యెను. మనుమడు దానిని ముచ్చటపడి కొనుచున్నాడు. వంటకము ఒకటే. ఒకనికి అది తప్ప వేరు గతి లేదు, రెండవవానికి అది కోరిక. తేడా అంతయు అక్కడనే యున్నది.

‘మరి మరియ మూడు వందల దేనారముల అత్తరు పోసినప్పుడు ప్రభువు ఆమెను తప్పు పట్టలేదు గదా?’ అని చదువుకొనిన యువకులు అడుగుదురు. మంచి ప్రశ్నయే. ఒక దేనారము కూలివాని దినవేతనము. కావున అది ఇంచుమించు ఒక సంవత్సరపు కష్టము. దానిని అమ్మి బీదలకియ్యవలసినదని గొణిగినవాడు యూదా. అతనికి బీదల చింత లేదనియు, డబ్బు సంచి అతనియొద్దనే యుండెననియు యోహాను తెలుపుచున్నాడు. బీదల పేరు చెప్పి ఇతరుల ఖర్చును తప్పు పట్టువారు ఆ సంచిని మరువరాదు. అయితే మరియ ఆ అత్తరును తన తలకు పూసికొనలేదు. ఆ వాక్యము చాటున తన భోజనపు ఖర్చును దాచుకొనజూచువాడు ఈ సంగతిని ఆలోచింపవలెను.

పౌలు కొరింథీయులను గద్దించినది వంటకముల వెలను గూర్చి కాదు. కలిగినవారు ముందుగా వచ్చి తిని త్రాగి తృప్తిపొందుచుండిరి. పేదలు ఆకలితోనే నిలుచుచుండిరి. ఏమియు లేనివారిని సిగ్గుపరచుట ఆయన కోపమునకు కారణము. ఈ మాట చదువునప్పుడెల్ల నాకు మన పెండ్లి పందిళ్లు జ్ఞప్తికి వచ్చును. మొదటి బంతిలో పెద్దలు, ఉద్యోగస్థులు, పట్టణపు చుట్టములు. కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, పందిరి వేసినవారు కడపటి బంతిలో. అప్పటికి కూర అడుగంటి, పులుసు నీళ్లగును. అక్కడ భోజనము వెల అందరికి సున్నయే. అయినను కొరింథు అక్కడ నున్నది. మోదేనాలో పండ్రెండు బల్లలయొద్ద కూర్చున్నవారిలో నొకడు వేరొకని సిగ్గుపరచుట లేదు. బయట నున్నవాని సంగతి వేరు.

కావున యౌవనులకు నా జవాబు ఇది. మీ తలిదండ్రుల వివాహదినమునకో, ఒక స్నేహితుని గౌరవార్థమో, అప్పు చేయక, ఇంటికి పంపవలసినది పంపి, మంచి వంటవాని పని రుచిచూచినయెడల నేను దానిని పాపమనజాలను. అక్కడ తిన్నదానిని ఫోటో తీసి ఊరివారికి పంపుకొనుటను మాత్రము నేను మెచ్చను. వడ్డించినవాని మొగము చూచి కృతజ్ఞత చెప్పితిరా అని అడుగుదును. మీ ఇంట పని చేయు మనిషి ఎక్కడ కూర్చుండి తినునో అదియు అడుగుదును.

బొత్తూరాను గూర్చి ఇంకొకటి చెప్పి ముగింతును. 2015లో మిలాను పట్టణమున లోకమునకు ఆహారము అను విషయముమీద ఆరు నెలల మహా ప్రదర్శనము జరిగెను. అక్కడ మిగిలిపోవు ఆహారమును చూచి అతడు మిలాను కథోలిక సంఘపు ధర్మసంస్థతో కలిసి, గ్రేకో అను పేటలో పాడుపడిన ఒక పాత నాటకశాలను బాగుచేయించెను. దానికి రెఫెత్తోరియో అని పేరు. అలసినవారిని తిరిగి సేదదీర్చు చోటు అని దాని మూలార్థము. అనేక దేశముల ప్రసిద్ధ వంటవారు వచ్చి, గట్టిపడిన రొట్టెలు, మచ్చపడిన పండ్లు, వాడిన కూరలు తీసికొని వండిరి. తినినవారు ఇల్లు లేనివారు, దేశము విడిచి వచ్చినవారు. వారిని గిన్నె చేతబట్టి వరుసలో నిలువబెట్టలేదు. కుర్చీలమీద కూర్చుండబెట్టి, ఒక వంటకము తరువాత నొకటిగా, పళ్లెములలో వడ్డించిరి. గోడలకు చిత్తరువులు, గొప్ప పనివారు చేసిచ్చిన బల్లలు.

దీనివలన మోదేనాలో అతడు తీసికొను 300 యూరోలకు ప్రాయశ్చిత్తమైనదని నేననను. ఒక పద్దుతో మరియొక పద్దు కొట్టివేయబడదు. అయినను అదే చేయి, అదే శ్రద్ధ, అక్కడను ఇక్కడను. రియోలో 2016లోను, లండనులో 2017లోను, పారిసులో ఒక గొప్ప దేవాలయము క్రిందనున్న గదిలో 2018లోను అట్టి భోజనశాలలే తెరచిరి. మిలాను ప్రదర్శనము అక్టోబరు 31న ముగిసెను. గ్రేకోలోని భోజనశాలను మాత్రము దానితోకూడ మూయలేదు. ప్రదర్శనము ముగిసిన పిమ్మటను అక్కడ బల్లలు తుడిచి, తలుపులు తెరచుచునే యుండిరి.