కారు షెడ్డు - పరిగ్రహ పరిమాణము

కారు కొన్నవాడు దానికొక షెడ్డు కట్టించును. పదేండ్లు గడచునప్పటికి ఆ షెడ్డులో అన్నియు నుండును, కారు మాత్రము వీధిలో నుండును. బళ్ళారి మొదలు బరంపురము వరకు వర్తకుల ఇండ్లు చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. పూర్వము బండి కొట్టము ఉన్నచోటనే చాల ఇండ్లలో నేడు షెడ్డు ఉన్నది. కొట్టములో ఎద్దులుండెడివి గనుక ప్రతిదినము ఊడ్వక తప్పెడిది కాదు. కారు పేడ వేయదు గనుక ఆ నియమము పోయినది.

దుకాణములో మాత్రము ఇట్లు జరుగదు. దీపావళికి పాత ఖాతాలు ముగించి క్రొత్త పుస్తకము తెరచునప్పుడు ప్రతి సరుకు లెక్కకు వచ్చును. కొన్నదెంత, అమ్మినదెంత, నిలువ యెంత, ఎలుకలు కొట్టినదెంత, అన్నియు వ్రాయబడును. అమ్ముడుపోని సరుకు రెండడుగుల చోటు ఆక్రమించినను యజమానికి నిద్ర పట్టదు. ఆ యజమానియే సాయంకాలము ఇంటికి వచ్చి, షెడ్డు తలుపు తెరచి, విరిగిన కుర్చీమీద మరియొక అట్టపెట్టె పెట్టి, తలుపు మూసి వెళ్ళిపోవును. ఇది సర్దుట చేతగాక జరుగుచున్నదా, విడువలేక జరుగుచున్నదా? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని శ్రావకుని అయిదవ అణువ్రతము దీనిమీదనే నిలిచియున్నది.

సాధువు అన్నిటిని విడుచును. గృహస్థుకు అది సాధ్యము కాదు గనుక హద్దు పెట్టుకొమ్మన్నారు. పొలము, ఇల్లు, వెండి, బంగారము, ధనము, ధాన్యము, ఇంటి సామాను ఇంతకు మించి వద్దని తనకు తానే గీత గీసికొనుట పరిగ్రహ పరిమాణ వ్రతము. గీత గీసిన మరునాడే మనుష్యుని బుద్ధి దానిని దాటు దారులు వెదకునని పెద్దలకు బాగుగా తెలియును. పండ్రెండవ శతాబ్దమున యోగశాస్త్రము రచించిన హేమచంద్రాచార్యులు స్వయముగా వర్తక కుటుంబమున పుట్టినవారు. అందువలననే కాబోలు, ఈ వ్రతమునకు ఆయన చెప్పిన అతిచారములు చదువుచున్నప్పుడు ఎవరో తన దుకాణములో కూర్చుండి తన్ను గమనించినట్లు వర్తకునికి తోచును.

వానిలో ఒకటి కలుపుట. ఒక్క ఇల్లే ఉంచుకొందునని వ్రతము పట్టినవాడు ప్రక్క ఇల్లు కొని నడుమ గోడ పడగొట్టించును. లెక్కకు ఇల్లు ఒకటే! మరియొకటి రూపు మార్చుట. పాత్రలు ఇన్ని అని నియమమున్నవాడు రెండేసి కరగించి పెద్దవి చేయించును. సంఖ్య పెరుగలేదు, బరువూ తగ్గలేదు. ధాన్యము మూటలు కట్టించి అమ్మినవాని ఇంటనే ఉంచి, వ్రతపు గడువు తీరిన పిదప తెచ్చుకొనుట ఇంకొకటి. బంగారము బంధువున కిచ్చి, గడువు తీరగానే తిరిగి పుచ్చుకొనుట వేరొకటి. ఏ ఒక్కదానిలోను వ్రతము పూర్తిగా భంగమైనదని చెప్పలేము. నిలిచినదనియు చెప్పలేము.

ప్రవచనములో ఈ గోడ సంగతి విన్నప్పుడు అందరును నవ్వుదురు. షెడ్డులో అటక వేయించునప్పుడు మాత్రము అది ఎవ్వరికిని జ్ఞాపకము రాదు.

బళ్ళారిలో ఒక వర్తకుని ఇంట షెడ్డు పదునెనిమిది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. నేటి చిన్న కార్లు నాలుగు మీటర్ల లోపే గనుక, చుట్టును మనిషి తిరుగుటకు చోటు ఉండవలసినదే. కాని లేదు. ఒక వేసవిలో ఆయన వడ్రంగిని పిలిచి, మూడు గోడలకు ఇనుప అరలు, పైన కప్పు దాక అటక వేయుటకు కొలతలు తీయించెను. తల్లి గడపలో కూర్చుండి అంతయు చూచి అడిగినది:

"అటక వేస్తే సామాను తగ్గుతుందా నాయనా?"

"స్థలం పెరుగుతుందమ్మా."

"నేనడిగింది స్థలం సంగతి కాదురా."

కొడుకునకు కోపము వచ్చినదట. రాదా మరి? సర్దుకొనుటయు తప్పేనా అని అతడనుకొనియుండును. తప్పు కాదు. చిందరవందర అపరిగ్రహము కాదు, చక్కగా సర్దినంత మాత్రమున పరిగ్రహమూ కాదు. తత్త్వార్థసూత్రము పరిగ్రహమును వస్తువులో గాక, వస్తువుపై గల మూర్ఛలో చూచినది. అట్లని "నాకు మమకారము లేదు, వస్తువులు ఊరక పడియున్నవి" అని తప్పించుకొనుటకు కూడ వీలు లేదు. మమకారము లేనిచో తలుపుకు రెండు తాళములెందుకు?

వడ్రంగికి బయానా ఇచ్చుటకు ముందు సామానంతయు పెరటిలో పెట్టవలెనని తల్లి పట్టుపట్టినది. ఆమె మాట ధర్మమునకే గాక పనికిని సరియైనది. లోపల నిలుచుండి సర్దినవాడు వస్తువులను ఒక మూలనుండి మరియొక మూలకు మార్చును, అంతే. ఎండకు బయట పరచినప్పుడే ఉన్నదెంతో తెలియును. పెండ్లిండ్లలో వచ్చి పెట్టెలు విప్పని గోడ గడియారములు ఏడు వచ్చినవి. ఎండి గట్టిపడిన రంగు డబ్బాలు, పాత పెట్టె టీవీ, ఇప్పుడు ఉద్యోగము చేయుచున్న కుమారుని మూడు చక్రముల సైకిలు, మూత లేని కుక్కరులు, కుక్కరు లేని మూతలు వచ్చినవి. అన్నిటి క్రింద తాతగారి త్రాసు, ఇనుప తూకపురాళ్ళు ఉన్నవి.

1958 మొదలు దశలవారీగా మెట్రిక్ తూనికలు వచ్చిన పిమ్మట వీశెకును సేరుకును బజారులో చోటు లేదు. వానిని పాత ఇనుము వానికి వేయుదమని కొడుకు అన్నాడు. ఎనుబదియేండ్ల తండ్రి, "వాటితో మా నాయన ఒక్క తప్పుడు తూకం తూయలేదు" అని మాత్రము చెప్పి ఊరకుండెను. తప్పుడు తూకము మూడవ వ్రతమునకు అతిచారమని ఎరిగిన ఇంటిలో ఆ మాట తేలిక కాదు. ఆ రాళ్ళు పరిగ్రహమా? రంగు డబ్బాల క్రింద అరువదియేండ్లు చీకటిలో పడియున్నంత కాలము అవి జ్ఞాపకమును కావు, ఆస్తియు కావు. వానిని తుడిచి దుకాణపు గద్దె ప్రక్కన పెట్టిరి. తండ్రి జ్ఞాపకము కావలెననువాడు దానికి కనబడు చోటు ఈయవలెను గదా.

ఎంత ఉంచుకొనవలె ననుదానికి సాధువుల ఆచారములో ఒక మంచి కొలత ఉన్నది. శ్వేతాంబర సాధుసాధ్వులు తమ వస్త్రములను, పాత్రలను ఉదయము సాయంకాలము ఒక్కొక్కటిగా విప్పి, ఏ జీవియైన ఉన్నదేమో చూచుదురు. దీనికి ప్రతిలేఖనమని పేరు. వస్తువును ఎత్తుటయందును దించుటయందును జాగ్రత్తయే ఆదాననిక్షేపణ సమితి. దిగంబర మునులు నెమలి పింఛితో చోటు తుడిచిన తరువాతనే దేనినైన దించుదురు. చూడగలిగినంతయే వారు ఉంచుకొందురు. గృహస్థు రోజుకు రెండు మారులు చూడలేడు. ఏడాదికి ఒక్కమారైన చేతితో ఎత్తి, తుడిచి, మరల పెట్టలేనన్ని వస్తువులు ఉన్నవాడు తన హద్దు దాటినట్లే యనుకొనవచ్చును. ఆ హద్దును చూపునట్టి అటకయే మంచి అటక, దాచునట్టిది పడగొట్టిన గోడ వంటిది.

కనుక పద్ధతి కూడ దానికి తగినట్లుండవలెను. బరువు క్రింద, తేలిక పైన. గోడకును సామానుకును నడుమ చీపురు దూరునంత సందు. నేల చెమ్మ తగులకుండ అడుగున చెక్కలు. లోపలిది కనబడు పెట్టెలు, లేనిచో పైన చీటీ, చీటీమీద పెట్టిన తేదీ. ముందు వచ్చినది ముందు పోవలెననుట దుకాణపు సూత్రము, ఇంటిలోను అదే. పెట్రోలు డబ్బా, గ్యాసు సిలిండరు, పాత బ్యాటరీ షెడ్డులో నిలువ చేయరాదు. ఈ పని తొలకరికి ముందే ముగించుట మేలు. చాతుర్మాస్యము వచ్చినదన్న చెమ్మలో ప్రతి అట్టపెట్టెయు పురుగులకు పుట్టినిల్లగును. అప్పుడు కదలించినను హింస, కదలింపకున్నను హింస పెరుగుటయే.

ఏరివేసిన వస్తువుల గతి ఏమి? ఇక్కడ చాలమంది తొందరపడుదురు. పనిచేయని మిక్సీని పనిమనిషి కిచ్చి దానమని సంతోషించుట కద్దు. ఆమెకున్నది ఒక్క గది. యజమాని షెడ్డును ఆమె గదిలోనికి మార్చుట దానమెట్లగును? పనిచేయు వస్తువును అడిగి ఇచ్చుట, చెడినదానిని బాగుచేయించి ఇచ్చుట, కానిదానిని పాత ఇనుము వానికే వేయుట, ఇవి మూడును వేరు వేరు. తమ్ముని ఇంటి మిద్దెమీద "కొన్నాళ్ళు" ఉంచుటకు పంపినది వీటిలో దేనిలోను చేరదు. దాని పేరు హేమచంద్రాచార్యులు ముందే చెప్పినారు.

నిలువ చేయుటయే పాపమని మాత్రము ఎవ్వరును అనరాదు. పదమూడవ శతాబ్దపు కచ్ఛదేశపు జగడూషా కథ జైనులలో ప్రసిద్ధమైనది. కరవు రానున్నదని విని గాదెలు నింపి, మూడేండ్ల కరవులో వానిని తెరపించినాడని ఆయన చరిత్ర చెప్పుచున్నది. ఆయన గాదెలు బళ్ళారి షెడ్డుకన్న ఎన్ని రెట్లు పెద్దవో! తలుపు ఎవరికొరకు తెరువబడునో ఆయనకు ముందే తెలిసియుండెను. ఏడు గోడ గడియారముల విషయమున ఆ సంగతి ఎవరు చెప్పగలరు?

పెరటిలో సామాను పరచిన ఆ మధ్యాహ్నమే కోడలు పాత ఖాతాల పెట్టె తెరచి, "అత్తయ్యా!" అని కేక వేసినది. చింపిన కాగితముల నడుమ కండ్లు తెరువని ఎలుక పిల్లలు ఆరు ఉన్నవి. చీపురుతో తోయుటకు ఒకరు, దూరముగా పొలములో వదలుటకు ఒకరు సలహా చెప్పిరి. పొలములో వదలినచో సాయంకాలమునకు కాకులు వచ్చునని అందరికిని తెలియును. అవి అక్కడ పుట్టుటకు కారణము వాని తప్పు కాదు, పదేండ్లు ఎవ్వరును ఆ పెట్టె ఎత్తి చూడకపోవుటయే. తల్లి ఎలుక తిరిగి రావలెనని పెట్టెను మూత కొద్దిగా తెరచి యథాస్థానమున పెట్టించిరి. షెడ్డు తలుపు క్రింద సందు ఉంచిరి. కారు మూడు వారములు వీధిలో ఎండకు నిలిచినది. ప్రక్క ఇంటివారు అడిగినప్పుడు వర్తకుడు షెడ్డు మరమ్మతులో ఉన్నదని చెప్పెను.

నాలుగవ వారమున పెట్టె ఖాళీ. ఖాతాల అంచులు తప్ప ఏమియు పోలేదు. బయానా కొరకు వడ్రంగి రెండుమారులు వచ్చెను. అటక ఎత్తు ఎంతయో ఇంకను తేలలేదని, పర్యూషణము దాటిన పిదప రమ్మని, అతనిని పంపివేసిరి.