విధేయతయా, బాధ్యతయా?

హైదరాబాదున 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఆ ప్రాంతపు కార్యాలయములలో మిషన్, టార్గెట్ మొదలగు సైనికపదములు వాడుకపడినవి. పదములతో పాటు సైనికధర్మము కూడ వచ్చినదా యని మా ప్రశ్న.

డెహ్రాడూనులోని ఇండియన్ మిలిటరీ అకాడమీని 1932లో ప్రారంభించుచు, నాటి సర్వసేనాధిపతి చెట్‌వుడ్ అధికారులకొక వరుస నేర్పరచెను: మొదట దేశము, పిమ్మట తన క్రిందివారి క్షేమము, చిట్టచివర తన సుఖము. సూర్యాపేటవాడైన కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో తన దళమునకు ముందు నిలిచి, ఆ వరుసను ప్రాణమిచ్చి నిలిపెను.

కార్యాలయములలో నీ వరుస తరచుగా తలక్రిందగుచున్నది. పని చెడినచో నింద క్రిందికి దిగును. నెరవేరినచో కీర్తి పైకెక్కును. సైనికుడు ప్రాణమిచ్చెదనని ప్రమాణము చేసినవాడు. కంప్యూటరు ముందు కూర్చుండువాడట్టి ప్రమాణము చేయలేదు. అతనినుండి విధేయతను మాత్రము కోరి, నాయకుని త్యాగమును విడిచిపెట్టుట న్యాయమా?

ఈ దోషము కార్యాలయమున పుట్టినది కాదు. మన యిండ్లలో అందరికన్న తుదకు భుజించునదెవరు? ఇల్లాలు. త్యాగము అధికారము లేనివారికనియు, సుఖము ఉన్నవారికనియు మనమే బిడ్డలకు చూపుచున్నాము. ఆ బిడ్డలే రేపటి మేనేజర్లు. కావున హైటెక్ సిటీ కోరు నాయకులకు మొదటి పాఠము నేటిరాత్రి మన భోజనపంక్తిలోనే చెప్పవలెను: ఇల్లాలు కూర్చుండిన పిమ్మటనే యజమాని కూర్చుండవలెను.