వెల్లకు ముందు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి గాని, కట్టిన యింటిని ఏటేట బాగుచేసి చూడు అని చెప్పినవారు కానరారు. అందులో నుండు ధర్మసంకటము మాకు అరువదేండ్లు దాటిన పిమ్మటగాని తెలిసిరాలేదు.

మాది బొమ్మిడి. జోలార్‌పేట నుండి సేలమునకు పోవు రైలు మార్గములో నున్న చిన్న యూరు. మా తండ్రిగారు ఇటుకతో, సున్నపు గచ్చుతో కట్టించిన పాత భాగమునకు, మేము గుమాస్తాగిరీలో నుండగా 1996లో ఒక గది చేర్చితిమి. దానికి సిమెంటు పూత. పాత గోడయు కొత్త గోడయు కలిసిన మూలలో, పైకప్పు మొదలుకొని మొలయెత్తు వరకు ఒక బీట పడినది. ఏటేట భోగికి ముందు వెల్ల వేయించుట, ఆ వెల్లతో బీట మూసుకొనుట, వానలు వెళ్లునప్పటికి అది మరల తెరచుకొనుట మాకు అలవాటైపోయినది.

మూడేండ్ల క్రిందట ఆ గదిని అద్దెకు ఇయ్యదలచితిమి. రంగు వేయవచ్చిన పెద్దాయన బీటను గోటితో గీచి చూచి, "అయ్యా, దీనిని లోపలినుండి చేయవలెను. మేస్త్రిని పిలిపించండి" అనెను. "లప్పము పెట్టి రంగు వేయుము, చాలును" అంటిమి. ఆయన మరి మాటాడక లప్పము పెట్టెను, గరుకు కాగితముతో రుద్దెను, రంగు వేసెను. మూల అద్దమువలె నుండెను. ఒక చిన్న కుటుంబము వచ్చి చూచి, అడ్వాన్సు ఇచ్చి దిగినది. ఐప్పసి వానలలో ఆ మూల చెమ్మగిలి, బీట తెరచుకొని, అక్కడ పెట్టుకొనిన పిల్లల పుస్తకములు తడిసి ముద్దయినవి. ఆ యువకుడు నిష్ఠురముగా నేమియు ననలేదు. "పెదనాయనా, ఇది మీకు ముందే తెలుసునా?" అని మాత్రము అడిగెను. "పాత యిల్లు గదా నాయనా" అంటిమి.

ఆ మాటలో అబద్ధము లేదు. అయినను ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ద్రోణుని యెదుట ధర్మరాజు పలికిన మాటలోను, పదము పదముగా చూచినచో, అబద్ధము లేదు. ఏనుగు చచ్చిన మాట నిజమే. అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచుచుండిన ఆయన రథము ఆ మాటతో నేల కానినదని భారతము చెప్పుచున్నది. మా రథము మొదటినుండియు నేలమీదనే యున్నది గనుక, దిగుటకు తావు లేక, నిద్రను తీసికొనిపోయినది.

అట్లయిన వెల్ల వేయుటయే మోసమా? కాదని మా నిశ్చయము. వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలు నేలను దాచుట లేదు. సున్నము పురుగును చంపును, చీకటిగదికి వెలుతురు తెచ్చును. కాల్చిన రాయి నీటిలో ఉడికి సున్నమై, గోడ కెక్కి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల రాయి యగును. ఇట్టి దానిని అబద్ధ మనుటకు నోరెట్లు వచ్చును? లక్క యింటి మాట వేరు. పురోచనుడు నేయియు లక్కయు కలిపి గోడలకు పూయించినది, పాండవులు లోపలి సంగతి ఎరుగకుండుటకే. ధర్మరాజు వాసనచేత పసిగట్టెను. మా యద్దెదారునకు ఆ పాటి వాసనయు మేము మిగుల్చలేదు. రెండుచోట్లను పూత పూతయే. ఎవడు ఏమి తెలిసికొనకుండుటకు పూసితిమి అన్నచోట తేడా వచ్చినది.

"బీట లేని యిల్లెక్కడిది? అన్నియు చెప్పుకొనుచు కూర్చుండిన అద్దెకు వచ్చువాడెవడు?" అని మా మిత్రులొకరు వాదించిరి. ఆ మాటయు త్రోసివేయదగినది కాదు. వెండ్రుకవాసి పగుళ్లు ప్రతి పూతలోను ఉండును. వానిని లప్పముతో మూయుటకు ఎవరి సెలవును అక్కరలేదు. కాని మేము మూసినది నీరు దిగు బీట యని మాకు తెలియును. తెలియకపోయిన పెద్దాయన చెప్పెను గదా.

పిమ్మట మేస్త్రిని పిలిపించితిమి. తప్పు కట్టుబడిలోనే యున్నదని తేలినది. కొత్త గోడ యిటుకలను పాత గోడలోనికి పండ్లవలె దిగవేయక, ఊరక ఆనించి కట్టిరి. ఖర్చు తగ్గునని ఆనాడు ఒప్పుకొన్నది మేమే. పునాదులు వేరు, బరువులు వేరు. ఒకటి క్రుంగినప్పుడు రెండవది క్రుంగదు. మేస్త్రి బీట కొనయందు పెన్సిలుతో గీత గీచి, తేది వ్రాయించి, బీటకు అడ్డముగా ఒక సన్నని గాజుముక్క అతికించి, రెండు నెలలు ఆగుడనెను. గాజు పగిలినచో గోడ ఇంకను కదలుచున్నదని గుర్తు. పగులలేదు. ముందు పైకప్పు కలయికలో నీరు దిగుచోటు మూసెను. తరువాత బీటకు ఇరుప్రక్కల జానెడు మేర పూత కొట్టివేసి, బీటను గాడిగా చెక్కి, దుమ్ము దులిపి, నీరు చల్లి, గచ్చుతో నింపి, రెండు గోడలను పట్టునట్లు కోళ్లగూటికి వాడునట్టి ఇనుప వలను మేకులతో బిగించి, పైన పూసి, మూలమట్టముతో సరిచూచి, వారము దినములు తడిపెను. అది ఆరిన మీదటనే లప్పము, ఆ పిదపనే రంగు.

మా అమ్మాయి అమెరికాలో నున్నది. అక్కడి యింటి గోడలు కాగితముల నడుమ జిప్సము నింపిన పలకలు. 1894లో అగస్టీన్ సాకెట్ అను నతడు పేటెంటు పొందిన పలకనుండి పెరిగిన పద్ధతి. మంచము జరుపుచుండగా మూల విరిగినదని ఫోనులో చూపినది. వెలుపలి మూలకు లోహపు అంచు బిగింపవలెనట. లోపలి మూలకు మడచిన కాగితపు పట్టీ అతికి, దానిపై ముద్దను ఒక్కొక్క పూత ఆరనిచ్చి రెండు మూడు పూతలు పూయవలెనట. పట్టీ లేక ఉత్త ముద్ద పూసిన మూల మరల చీలునట. అక్కడ ఇటుకయు లేదు, సున్నమును లేదు. అయినను మా మేస్త్రి చూచిన తలయూపును.

ఈ సంచికలో ఇంటి గోడ గొడవ ఏల యని చదువరు లడుగవచ్చును. మనమందరము మూలలో కాపురమున్నవారమే గదా! ఇంట తెలుగు, వీధిలో తమిళము. రెండును మన గోడలే, దేనియందును లోపము లేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపు సౌకర్యము లుండవలెనను 350-ఎ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. ఈ రాష్ట్రమున తమిళము తప్పక నేర్వవలెనను చట్టము 2006లో వచ్చినది. వాని మంచిచెడ్డలు తెలిసిన పెద్దలు తర్కింతురు. మేము చెప్పునది మా యింటి సంగతి. మొన్నటి ఉగాదికి మా మనుమడు వేదిక నెక్కి తెలుగు పద్యములు గడగడ అప్పగించి బహుమానము పొందెను. సభవారు చప్పట్లు కొట్టిరి. ఆ పద్యములను వానికి తమిళ లిపిలో వ్రాసి యిచ్చినది మేమే యని సభలో నెవరికిని తెలియదు. చప్పట్ల నడుమ మాకు ఆ మూల జ్ఞప్తికి వచ్చినది. పద్యము అప్పగించుట తప్పా? కాదు, వెల్ల తప్పు కాదని పైన చెప్పియే యున్నాము. ఇప్పుడు సాయంకాలము లందు వానిని పలక ముందు కూర్చుండబెట్టుచున్నాము. గుణింతములు దాటి ఒత్తుల దగ్గర ఆగినాడు. పారిపోవుటకు దారి వెదకుచున్నాడు, మేము గుమ్మములో కూర్చుండుచున్నాము.

మేస్త్రి పని ముగిసిన నాడు ఆ యువకుని పిలిచి, "తెలుసు నాయనా, ముందే తెలుసు" అని చెప్పి, పుస్తకముల వెల చేతిలో పెట్టితిమి. అతడు సొమ్ము పుచ్చుకొని కొంతసేపు ఊరకుండెను. పిదప, "అప్పుడే చెప్పియున్నను ఈ యింటికే వచ్చియుందుము పెదనాయనా. ఆ మూలలో పుస్తకములు పెట్టకుందుము, అంతే" అనెను.